జెండా ఎవరు దించారు

శోభ వీరేందర్‌తో మొట్టమొదట మాట్లాడిన మాట ఇది.

"నీకు పిల్లలు పుడితే ఒకటి, రెండు, మూడు అని పేర్లు పెడ్తవా?"

వీరేందర్ ఆ ఆఫీసులో చేరి వారమైనా కాలేదు. తుక్కుగూడలో ఓ సిమెంటు దుకాణం మీది అంతస్తులో ఉంటుంది ఆ ఆఫీసు. ఎయిర్‌పోర్టు కార్గోలో మందులు దాచే చల్లగదులు ఉంటాయి కదా, ఆ గోడలకు తగిలించే చిన్న డబ్బా తయారుచేస్తారక్కడ. గది ఎంత చల్లగా ఉందో చూసి, ఆ లెక్కను నెట్‌వర్కు మీద ఎప్పటికప్పుడు పంపడమే దాని పని.

"అర్థం కాలే మేడమ్," అన్నాడు వీరేందర్.

"నీ కోడ్ చూసిన. ఫ్లాగ్ వన్, ఫ్లాగ్ టూ, ఫ్లాగ్ త్రీ. రేపు నువ్వు రాకుంటే ఈ ఫ్లాగ్ టూ ఎవరో, ఏం చేస్తడో నేనెవర్ని అడగాలె?"

ఆ డబ్బా లోపల కంటికి కనబడని పనివాళ్లు కొందరుంటారనుకోండి. ఒకడు వైరు తగిలిందా లేదా చూస్తాడు. ఒకడు నెట్‌వర్కు నుంచి అడ్రసు తెస్తాడు. ఒకడు స్క్రీన్ మీద రాస్తాడు. ఒకడు లెక్క పంపిస్తాడు. వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. పని అయినవాడు జెండా ఎత్తుతాడు, కోడ్‌లో దాన్నే ఫ్లాగ్ అంటారు. దానికోసం నిద్రపోతూ కాచుకున్నవాడు లేచి, చూసి, దించి, తన పని మొదలుపెడతాడు. అన్ని జెండాలూ ఒకే రంగువైతే ఇక చెప్పేదేముంది.

"పేరుల మూడు తెల్వాలె," అంది శోభ. "ఏం జరిగింది, ఎవరి కోసం ఎత్తినం, ఎవరు దించాలె. గంతే."

"గంత పొడుగు పేర్లు టైపు చేసుడు కష్టం మేడమ్."

"తప్పు దొర్కపట్టుడు ఇంకా కష్టం. ఇగ మేడమ్ అనకు, మాకు ఆ అలవాటు లేదు."

సాయంత్రం దాకా కూర్చుని అతను పేర్లన్నీ మార్చాడు. ఒక్కటి మాత్రం వదల్లేకపోయాడు. దాని పేరు 'నెట్ రెడీ'.

"ఇదొక్కటి ఉండనీ శోభా. చిన్నగ, ముద్దుగ ఉన్నది."

"ఏం రెడీ? వైరు తగిలిందా, అడ్రసు వచ్చిందా, అవతలోడు పలికిండా?"

"అడ్రసు వచ్చిందని. అందరికీ తెలుసు గదా."

"అందరికీ అంటే ఎవరికి?"

వీరేందర్ బిక్కమొహం పెట్టుకుని చూశాడు. శోభకు నవ్వొచ్చింది.

"సరే పో. ఇదొక్కటి నీకు మాఫ్."

ఆ నవ్వు వెంట అతను బుద్వేల్ దాకా ఇంటికి పోయాడు. బండి ఎటు తిప్పాడో, ఎక్కడ ఆపాడో తర్వాత గుర్తు లేదు.

ఆఫీసు కింద చాయ్ బండి ఉంది. దాని మీదుగానే విమానాలు దిగుతాయి. విమానం వస్తే మాట వినబడదు. ఎవరైనా సగం మాటలో ఆగి, అది దాటేదాకా ఎదుటివాళ్ల మొహం చూస్తూ ఉండాల్సిందే. వీరేందర్‌కు ఆ సగం మాటలంటే ఇష్టమైపోయింది. కొన్నిసార్లు విమానం వచ్చే వేళ చూసుకుని మరీ మాట మొదలుపెట్టేవాడు. శోభ కూడా అది కనిపెట్టింది. కనిపెట్టినట్టు చెప్పలేదు.

బోనాలకు శోభ ఆఫీసువాళ్లందరినీ పాల్మాకులలో తమ ఇంటికి పిలిచింది. వీరేందర్ వాళ్లమ్మ చంద్రమ్మను వెంటబెట్టుకుని పోయాడు. చంద్రమ్మ, శోభ తల్లి రేణుకమ్మ ఒక్క పూటలోనే వదినా అంటే వదినా అనుకునే దాకా వచ్చారు.

తిరుగుదారిలో చంద్రమ్మే అడిగింది.

"పిల్ల మంచిగున్నదిరా. నీకేమన్న మనసుల ఉన్నదా?"

"ఉన్నదమ్మా."

"మరి అడుగరాదు?"

"ఎదురుంగనే కూసుంటది. ఆమెకు ఇష్టం లేకపోతే రోజు ఎట్ల మొహం చూసుకుంటం? నువ్వు వాళ్లమ్మతోని అడుగు. పెద్దలతోని అడిగితేనే మర్యాద."

చంద్రమ్మ ఫోన్ చేసింది. రేణుకమ్మ సంతోషంగానే మాట్లాడింది. పిల్లను అడిగి చెప్తామంది.

ఆ తర్వాత కబురు లేదు.

ఆషాఢం పోయింది, శ్రావణం పోయింది. వానలు ముదిరాయి. చంద్రమ్మ ఇంకోసారి అడగబోతే వీరేందర్ వద్దన్నాడు. ఇష్టం లేనివాళ్లు మొహమాటానికి మాట దాటేస్తారు, మళ్లీ మళ్లీ గుచ్చితే బాగుండదు అనుకున్నాడు. చాయ్‌కి పోవడం తగ్గించాడు. శోభ పిలిస్తే "పనున్నది" అనేవాడు. శోభ ఒకటి రెండుసార్లు అడిగి ఊరుకుంది. ఆమె కూడా ముభావంగా తయారైంది.

అతను దాన్నే జవాబనుకున్నాడు.

కంపెనీ నడిపే రామచంద్రయ్య సార్, నాగ్‌పూర్‌లో పెట్టబోయే డబ్బాలు చూసుకునేందుకు మనిషి కావాలంటే, "నేను పోత సార్" అన్నాడు. రెండేళ్ల పని. సోమవారం డబ్బా పరీక్ష నెగ్గగానే టికెట్ తీస్తానన్నాడు సార్.

ఆ పరీక్షకు ముందు శనివారం డబ్బా మొండికేసింది. వైరు పీకి మళ్లీ పెడితే స్క్రీన్ మీద అంతా బాగుందని వస్తోంది. లెక్క మాత్రం అవతలికి పోవడం లేదు. అదీ ఎప్పుడూ కాదు, ఒక్కోసారి.

శనివారం ఒంటిపూట కాబట్టి అందరూ వెళ్లిపోయారు, వాళ్లిద్దరే కూర్చున్నారు. బయట వాన దంచుతోంది. శోభ వైరు పీకుతోంది, పెడుతోంది. వీరేందర్ చూస్తున్నాడు.

"స్క్రీన్ ఏమంటున్నది?"

"కనెక్ట్ అయింది అంటున్నది."

"పంపేటోడు?"

"పండుకున్నడు."

శోభ కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది. చాలా రోజుల తర్వాత అంత దగ్గరగా. అతను తెర మీదే చూపు నిలబెట్టాడు.

"పంపేటోడు ఏ జెండా కోసం కాచుకున్నడు?"

"నెట్ రెడీ."

"స్క్రీన్ వాడు?"

వీరేందర్ కోడ్ పైకి జరిపాడు, కిందికి జరిపాడు. గొంతు తగ్గింది.

"వాడు గూడ నెట్ రెడీనే."

"దించేదెవరు?"

"ఎవడు ముందు చూస్తే వాడు."

శోభ తల తిప్పి అతని వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. "నేను మాఫ్ చేసిన పేరే గదా ఇది. స్క్రీన్ వాడు ముందు లేచిండు, చూసిండు, దించిండు. పని అయిపోయిందనుకున్నడు. పంపేటోడు లేచి చూద్దామంటే అక్కడ జెండానే లేదు. వానిదేం తప్పు? పాపం, వానికి కబురే రాలే."

వీరేందర్ చేయి కీబోర్డు మీద అలాగే ఉండిపోయింది.

తను ఎత్తిన జెండా ఎవరు చూశారు? రేణుకమ్మ చూసింది. మరి శోభ?

ఇన్ని రోజులూ తను జవాబు కోసం చూశాడు. అడిగిన మాట చేరిందా అని మాత్రం చూడలేదు.

"ఏమైంది?" అంది శోభ.

"ముందు దీన్ని సరిచేద్దాం."

ఒక జెండాను రెండు చేశారు. అడ్రసు వచ్చింది, స్క్రీన్ కోసం, స్క్రీన్ దించాలి. అడ్రసు వచ్చింది, పంపేవాడి కోసం, పంపేవాడు దించాలి. పేర్లు బారెడు పొడుగయ్యాయి. ఎన్నిసార్లు వైరు పీకి పెట్టినా లెక్క అవతలికి చేరుతూనే ఉంది.

కిందికి వచ్చేసరికి వాన సన్నబడింది. చాయ్ బండి మీద కప్పిన పట్టా కింద ఇద్దరూ నిలబడ్డారు.

"నాగ్‌పూర్ ఎందుకు పోతున్నవ్?" శోభ గ్లాసులోకి చూస్తూ అడిగింది. "నేనేమన్న అన్ననా? బోనాల తర్వాత నువ్వు సక్కగ మాట్లాడుడే బంద్ చేసినవ్. మా ఇంట్ల ఏమన్న కసురుకున్నరేమో అని ఎంత పరేషాన్ అయిన్నో."

"బోనాల తర్వాత మీ అమ్మ నిన్ను ఏమన్న అడిగిందా?"

"ఏం అడుగుతది?"

వీరేందర్‌కు గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. మా అమ్మ మీ అమ్మను ఒక మాట అడిగింది అని మొదలుపెట్టాడు. సగంలో విమానం వచ్చింది. అతను ఆగలేదు, చెప్తూనే పోయాడు. విమానం దాటింది.

"వినబడలే," అంది శోభ. చెంపలు మాత్రం ఎర్రబడ్డాయి.

"విన్నవ్."

"విన్ననో లేదో నాకు తెలుసు. మళ్ల చెప్పు. పేరు సక్కగ పెట్టి చెప్పు."

వీరేందర్ గ్లాసు కింద పెట్టాడు.

"వీరేందర్ శోభను పెళ్లి చేసుకుంట అంటున్నడు. ఎత్తింది వీరేందర్. చూడాల్సింది శోభ. దించాల్సింది గూడ శోభనే."

శోభ చున్నీ కొంగుతో మొహం తుడుచుకుంది.

"నేను దించ," అంది.

అతని మొహం వాడిపోయింది.

"గట్ల చూడకు. అది నా జెండా, ఎత్తే ఉండనీ. ముందు సార్‌కు ఫోన్ చేసి నాగ్‌పూర్ పోనని చెప్పు."

అక్కడే నిలబడి ఫోన్ చేశాడు. రామచంద్రయ్య సార్ కాసేపు సణిగి, టికెట్ ఇంకా తీయలేదులే అన్నాడు.

ఇద్దరూ బండి మీద పాల్మాకుల చేరేసరికి ఇంకా వెలుతురుంది. శోభ తండ్రి మల్లేశ్వర్ అరుగు మీద కూర్చుని టమాట బుట్టలు సర్దుతున్నాడు. చంద్రమ్మ ఫోన్ సంగతి శోభ అడగగానే రేణుకమ్మ మొగుడి వైపు తిరిగింది.

"నువ్వు అడగలేదా పిల్లను? నీ మాటైతే వింటదని ఆనాడే చెప్తిగదా."

"నేనా? ఆడపిల్లను అడిగేది తల్లి గాదా? ఫోన్ నీకొచ్చె. నువ్వే అడిగినవనుకున్న."

"మరి పిల్ల మొహం వేలాడేసుకుని తిరుగుతుంటే, నువ్వు అడిగినవ్, దానికి ఇష్టం లేదు అనుకుంటి."

"నేను గూడ గదే అనుకుంటి," అన్నాడు మల్లేశ్వర్. చేతిలో టమాటను ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. "మొహం ఎందుకు వేలాడేసినవ్ బిడ్డా?"

శోభ వాకిట్లో తడిసి నిలబడ్డ వీరేందర్ వైపు ఒకసారి చూసింది. మల్లేశ్వర్‌కు అది చాలింది. తువాలు తీసి అతని చేతికిచ్చాడు.

"లోపలికి రా బిడ్డా. సర్ది చేస్తది."

రేణుకమ్మ అప్పటికే చంద్రమ్మకు ఫోన్ కలిపింది. అవతల పలకగానే "వదినా" అని మాత్రం అని, ఫోన్ కూతురి చేతిలో పెట్టింది.

"ఈసారి నేను చెప్ప. మీ బాపు గూడ చెప్పడు. నువ్వే చెప్పు."

శోభ ఫోన్ చెవికి ఆనించుకుంది. తువాలుతో తల తుడుచుకుంటున్న వీరేందర్ చెయ్యి ఆగింది.

"అత్తమ్మా, నేను శోభను. మీరడిగింది నాకు ఇయ్యాల చేరింది," అంది, మాట మాటకీ ఆగుతూ. "నాకిష్టమే."

అప్పుడే ఇంటి మీదుగా విమానం వచ్చింది. శోభ ఫోన్ చెవి నుంచి తీయకుండా అది దాటేదాకా ఆగింది. ఆగి, అదే మాట మళ్లీ చెప్పింది.