వెంకటదుర్గకు గోదావరి యాస రాదట!

"మీకు చీర అమ్మమండి," అన్నాడు గణేష్‌బాబు.

రాజమండ్రిలో వాళ్ల బట్టల కొట్టు చాలా పాతది. కొవ్వూరు నుంచి బ్రిడ్జి పొడుగునా బస్సులో నిలబడి వచ్చిన వెంకటదుర్గ తెల్లబోయింది.

"ఎందుకండీ?"

"మా నాన్నగారిని వెక్కిరిస్తూ రీల్ చేశారు కదండీ. ఊరంతా నవ్వుతోంది."

నిజమే. తన రీల్స్‌లో దుర్గే అత్త, దుర్గే కోడలు, దుర్గే బస్సు కండక్టరు. కిందటి నెల మీసం అంటించుకుని బట్టల కొట్టు యజమాని అయింది. "రంగు పోతే నన్నడగండమ్మా, నేను కొట్లో ఉంటే చెప్తాను!" అన్న ఆ డైలాగు ఇప్పుడు పెళ్లి భోజనాల్లో కూడా వినిపిస్తోంది.

లోపల్నుంచి చంద్రరావుగారు పరుగున వచ్చారు. "ఎవరూ, మన దుర్గమ్మా! ఒరేయ్, కూల్‌డ్రింక్ తెప్పించు. అమ్మా, రెండో పార్టు ఎప్పుడు? ఈసారి మీసం కాస్త ఒత్తుగా పెట్టమ్మా."

కొడుకు మొహం మాడిపోయింది. దుర్గ చేతిలోని చీర అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ చీర అంచు మీదుగా కనిపించిన కళ్లను చూశాక, గణేష్‌బాబుకు కోపం నిలబెట్టుకోవడం కష్టమైపోయింది.

ఆ రీల్స్ పుణ్యమా అని దుర్గకు సినిమాలో వేషం వచ్చింది. హీరోయిన్ స్నేహితురాలట. మన సినిమాల్లో హీరోయిన్ ముంబై నుంచి వస్తుంది. స్నేహితురాలు మాత్రం గోదావరి జిల్లాల్లోనే పుట్టి, లావుగా ఉండి, సినిమా అయ్యేదాకా ఏదో ఒకటి తింటూనే ఉండాలి.

షూటింగు కొవ్వూరు రేవులో. చీరలు చంద్రరావుగారి కొట్టువి. వాటిని మోసుకొచ్చిన గణేష్‌బాబు ఎందుకో వెనక్కి వెళ్లలేదు.

యాస నేర్పడానికి హైదరాబాదు నుంచి ఒక సారు దిగారు.

"నీది గోదావరి యాసలా లేదమ్మా. మాటమాటకీ 'ఆయ్' అనాలి."

"నేను పుట్టింది ఈ వెనక వీధిలోనేనండి. మా ఇంట్లో ఎవరూ అలా అనరండి."

"నేను రీసెర్చ్ చేశానమ్మా!"

దుర్గ 'ఆయ్' అంది. బజ్జీలు తింది. బురదలో పడింది. "భూకంపం వచ్చిందిరోయ్!" అని హీరో మనుషులు అరిచారు. డైరెక్టరుకు చాల్లేదు. మళ్లీ పడమన్నాడు. చూడ్డానికి పక్కింటివాళ్లను వెంటబెట్టుకొచ్చిన అమ్మ రత్నమాణిక్యం మెల్లగా తల దించుకుంది.

గణేష్‌బాబు పొడి చీర తెచ్చి ఇచ్చాడు. "ఒక్క మాటండి. మీ రీల్ చూసి మా నాన్నగారే అందరికంటే ఎక్కువ నవ్వారు. ఇక్కడ మీకు నవ్వు రావట్లేదు."

దుర్గ అమ్మ వైపు చూసింది. తిన్నగా డైరెక్టరు దగ్గరికి వెళ్లింది.

"నేను ఇంక పడనండి."

"నీ బదులు వందమంది ఉన్నారు."

"అయితే వాళ్లను పడమనండి."

సినిమా వేషం పోయింది. దుర్గ రేవు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది, ముక్కు ఎర్రబడేదాకా. గణేష్‌బాబు పక్కనే నిలబడ్డాడు. ఏం చెప్పాలో తెలియక, "మీ రీల్‌లో యాస సారు వేషం నేను వెయ్యనాండీ?" అన్నాడు.

ఏడుస్తున్నదల్లా ఫక్కున నవ్వింది. "రీల్సంటే మీకు మంటగా?"

"అవునండి. అయినా వేస్తాను."

కట్టెలా నిలబడి "రీసెర్చ్ చేశానమ్మా!" అన్నందుకే అతను జిల్లా అంతా పాకిపోయాడు. దుర్గను వద్దనుకున్న డైరెక్టరే ఫోన్ చేసి, ఆ రీల్‌ను తన సినిమా పబ్లిసిటీకి వాడుకుంటానన్నాడు. ఇంకో కొత్త డైరెక్టరమ్మ పిలిచి వెబ్ సిరీస్‌లో మెయిన్ రోల్ ఇచ్చింది. బజ్జీలు లేవు, బురదా లేదు. కాకపోతే కొన్ని నెలలు హైదరాబాదులో ఉండాలి.

వెళ్లే ముందు రేవులో ఆఖరి రీల్ మొదలుపెట్టారు. చినుకులు పడుతున్నాయి. గణేష్‌బాబు డైలాగు మర్చిపోయాడు.

"చెప్పండి సారూ!" అంది దుర్గ.

"మీరు వెళ్లిపోతే నాకేం తోచదండి. నాకు మీరంటే ఇష్టమండి."

"ఇది స్క్రిప్టులో లేదండి," అంది దుర్గ.

"తెలుసండి."

వాన పెద్దదైంది. దుర్గ గబగబా ఫోన్ తీసి కొంగులో చుట్టేసింది.

"అయ్యో, రికార్డయిందా? అదీ పోస్ట్ చేస్తారా?" కంగారుపడ్డాడు గణేష్‌బాబు.

"పిచ్చా మీకు? ఇది నా ఒక్కదానికే." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "రేపు మా అమ్మ మీ కొట్టుకి వస్తుందండి. మీ నాన్నగార్ని ఉండమనండి. చీరల కోసం కాదు."