బ్యాటరీ తాగే రాత్రులు

కోస్గి దాటినంక మూడు మైళ్ల మీద, మా దిక్కు మూతపడ్డ పత్తి మిల్లు ఒకటున్నది. పొద్దుగూకినంక దాని గోడ పొంటి ఎవ్వరూ నడవరు. కూలిన రేకుల నడుమ ఎవరో సన్నగ దగ్గుతరంటరు… బీడీ కోసం ఆగినోళ్లకు అగ్గిపుల్ల అంటుకోదంటరు. ఆ జాగల ఏ మంటా నిలువదట.

హనుమంతు ఇసొంటియి నమ్మేటోడు కాదు. వాళ్ల గల్లీల కారు పట్టదు — అందుకే ఆ గోడ పొంటే నిలుపుతుండె. కిరాయికి నడిపే పాత కారు. రెండేండ్లు ఏ రంది పెట్టలే.

అసొంటిది, ఐదు దినాల సంది తెల్లారంగనే సచ్చిన పాము లెక్క పడుంటాంది. తాళం తిప్పితే — టక్. అంతే. రోజూ ట్రాక్టరు బ్యాటరీకి వైర్లు కలిపి లేపుతున్నడు.

ఇంట్ల పెండ్లాం స్వరూపకు నెలలు నిండినయ్. సందెపూట వాకిట్ల కూసున్న ఆమె మొఖం చూస్తే హనుమంతుకు లోకమంత ఆడ్నే ఆగినట్టుండేది. ఇప్పుడు ఆ మొఖం చూడాల్నంటేనే భయం. దవాఖాన పాలమూరుల, యాభై కిలోమీటర్లు. ఊర్ల ఇంకో కారు లేదు. నొప్పులు రాత్రే వస్తే…?

బండ్లు బాగుచేసే గుర్వయ్య మేస్త్రిని పిలుసుకొచ్చిండు. మేస్త్రి బ్యాటరీ వైరు ఒకటి ఇప్పి, నడుమ చిన్న బల్బు పెట్టిండు. బండి బంద్ ఉన్నప్పుడు ఏదన్నా కరెంటు గుంజితే ఈ బల్బు ఎలుగుతదన్నడు. ఇద్దరు గంటసేపు కండ్లార్పకుంట చూసిండ్రు. ఎలగలే.

"బ్యాటరీ ముసల్దే గని బండిల తప్పు లేదు. పగటీలి ఏం తాగుత లేదు. రాత్రే ఎవరో తాగుతాండ్రు," అన్నడు మేస్త్రి, నవ్వుకుంట.

హనుమంతుకు నవ్వు రాలే.

ఎందుకంటే… ఐదు దినాల కింద వాళ్ల గల్లీలుండే బాలయ్య తాత పెండ్లాం ఈదమ్మను దవాఖానకు తోల్కపోతుంటే, తొవ్వలనే, ఎనుక సీట్ల, తాత ఒడిల పానం ఇడిసింది. కార్ల పీనుగ అయిందంటే మల్ల ఎవరెక్కుతరని, ఇంటికొచ్చినంకనే పోయిందని చెప్పిండ్రు. ఆ సంగతి తాతకు, తనకు ఇద్దరికే ఎరుక. మూడో మనిషి — ఈదమ్మ.

ఆ రాత్రి హనుమంతు ఒక్కడే మిల్లు దిక్కు నడిసిండు. ఆకాశంల నెల లేదు. కుక్క సుత మొరుగుత లేదు. గోడ మూల తిరిగి చూస్తే…

కారు లోపట వెలుతురు. సన్నటి, పసుపు వెలుతురు.

ఎనుక సీట్ల ఎవరో కూసున్నరు… తల మీదికెల్లి గొంగడి కప్పుకొని, ఒడిలకు చూసుకుంట.

ఉరుకుదామంటే స్వరూప యాదికొచ్చింది. "అవ్వా… నన్నేమన్న చెయ్," అన్నడు. "బండిని మాత్రం ఇడిసిపెట్టు. నా పెండ్లానికి కాన్పు దగ్గరున్నది."

తలుపు కిర్రుమన్నది.

"నేనే బిడ్డా…"

బాలయ్య తాత.

"పానం పోయిన జాగల పదకొండు దినాలు దీపం ఉండాలె కద. ఇంట్ల పెట్టింది ఉత్త దీపం… ఆమె పోయింది ఈడ."

ఎనుక తలుపు తాళం సక్కగ పడదని తాతకు ఎరుకేనట. నూనె దీపం పెడితే సీటు కాలుతదని, లోపటి లైటు ఏసి రాత్రంత కూసుంటున్నడు. పగటికి సూర్యుడే దీపమనుకొని, నలుగురి కంట్ల పడకముందే ఆర్పి పోతున్నడు. అది బ్యాటరీని తాగుతదని ఆయనకెట్ల తెలుస్తది?

హనుమంతు ముందు తలుపు తీసి స్టీరింగ్ కాడ కూలబడ్డడు. తాత దీపానికి ఇంక ఐదు రాత్రులున్నయట.

అప్పుడే జేబుల ఫోన్ మోగింది. అమ్మ. స్వరూపకు నొప్పులు షురువైనయట, బండి తెమ్మన్నది.

తాళం తిప్పిండు. టక్. ఇంకోపారి… టక్. స్టీరింగ్ మీద తల పెట్టి వలవల ఏడ్సిండు.

తాత జరసేపు ఆ పసుపు వెలుతురునే చూసిండు. చెయ్యి పైకి లేపిండు.

"ఈదమ్మా… కొద్దిగంత సేపు చీకట్ల ఉండవే," అన్నడు.

లైటు ఆర్పేసి, దిగి, బండి ఎనుకకు పోయి, రెండు చేతులు డిక్కీకి ఆనిచ్చి నూకుడు మొదలుపెట్టిండు.