గఫార్ మామ పెట్టె

మా ఊళ్ళో మోటార్లకు పేర్లుంటాయి. పెట్టింది గఫార్ మామ. గురజాల రోడ్డు మీద ఆయనది మోటారు వైండింగ్ కొట్టు, ఇల్లు మా పక్కనే. కాలిపోయిన మోటారు తెస్తే ముందు దాన్ని తిట్టేవాడు, "ఏమే గయ్యాళీ, మళ్ళీ కాల్చుకున్నావా" అని. తర్వాత స్క్రూడ్రైవర్ మొన దాని మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. మా మోటారుకు "అత్తగారు" అని పేరు పెట్టాడు. మోతెక్కువ, నీళ్ళు తక్కువ అని. ఆ మాట మా అత్తగారి ఎదురుగానే అంటే ఆవిడే ముందు నవ్వింది. ఆయన మీద కోపం తెచ్చుకోవటం మా ఊళ్ళో ఎవరికీ చేతకాలేదు.

నేను కోడలిగా వచ్చిన కొత్తలో నాతో మొదట మాట కలిపింది ఆయనే. మా ఆయన హర్ష ఆయన్ని బాబాయ్ అంటాడు కాబట్టి నాకు మామయ్యాడు. రంజాన్ నెలంతా సాయంత్రం గోడ మీదుగా మాకో గిన్నె వచ్చేది. నాకాయనంటే ప్రాణం. ఆయన ఉండగా ఈ మాట చెప్పనేలేదు.

ఆయన పిచ్చిపనుల్లో ఒక్కదానికి మాత్రం మాకు నవ్వొచ్చేది కాదు. శుక్రవారం నమాజు కాగానే మా పొలానికొచ్చి, బావి గట్టు మీద కూర్చుని, ఫ్లాస్కులోంచి రెండు గ్లాసుల్లో టీ పోసేవాడు. ఒకటి తాగేవాడు. రెండోది బావిలో పోసేవాడు. ఇరవై రెండేళ్ళ కిందట ఆయన తమ్ముడు ఫిరోజ్ ఆ బావిలోనే పోయాడు. లోపల మోటారు దగ్గర వైరు కలుపుతుంటే పైన ఎవరో స్టార్టర్ నొక్కారు. ఆ నొక్కింది గఫార్ మామేనని ఆయన భార్య హజ్రా బీ ఒకసారి నా చెవిలో చెప్పింది. "టీ పొయ్యకపోతే వాడు పైకెక్కుతాడంటాడమ్మా. పిచ్చి మడిసి," అంది. చెప్పి కళ్ళు తుడుచుకుంది.

మా మోటారు స్టార్టర్ పెట్టెను ఆయన మార్చింది కూడా అందుకే. ఇప్పుడంతా మొబైల్ స్టార్టర్లే కదా. కరెంటు రాగానే పెట్టెలో ఉన్న సిమ్ మనకు ఫోన్ చేస్తుంది. ఒకటి నొక్కితే చాలు, ఎక్కడున్నా మోటారు తిరుగుతుంది. కంపెనీ వాళ్ళు అందులో ఆడమనిషి గొంతు పెడతారు. గఫార్ మామ మా పెట్టె విప్పి, ఆ గొంతు తీసేసి తన గొంతు పెట్టాడు. "అమ్మాయ్, కరెంటొచ్చింది. బావిలో ఎవరన్నా ఉన్నారా? లేకపోతే ఒకటి నొక్కు." అంతే. అందులో ఇంకో మాట లేదు. నంబరు కూడా నాదే పెట్టాడు. మగాళ్ళకు అడిగింది వినే ఓపికుండదన్నాడు.

అదివరకు మావాళ్ళు బావిలో దిగేముందు ఫ్యూజులు పీకి జేబులో వేసుకునేవాళ్ళు. పెట్టె వచ్చాక మానేశారు. గఫార్ బాబాయ్ పెట్టె అడక్కుండా వెయ్యదులే అని ధీమా. నేనేమో రోజూ అదే మాట విని విని, "అమ్మాయ్" అనగానే ఒకటి నొక్కటం మొదలుపెట్టాను. నామీద ఆయన పెట్టుకున్న నమ్మకం అలా తగలడింది.

దీపావళి వెళ్ళిన వారానికి గఫార్ మామ నిద్రలోనే పోయాడు. పెట్టె మాత్రం రోజూ ఆయన గొంతుతో పలుకుతూనే ఉంది. మొదట్లో ఏడ్చేదాన్ని. తర్వాత ఆ ఫోను కోసమే ఎదురుచూసేదాన్ని. బావిలో టీ పొయ్యాలన్న సంగతి ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. నాకుంది. ఒక్కదాన్నే ఆ గట్టెక్కి టీ పొయ్యాలంటే సిగ్గో భయమో తెలీదు, పొయ్యలేదు.

అలా ఆరో శుక్రవారం వచ్చింది. మధ్యాహ్నమే కరెంటు పోయింది. మిరప పూత మీద ఉంది, మోటారేమో రెండు రోజులుగా ఆగి ఆగి తిరుగుతోంది.

"కరెంటు లేదుగా. దిగి వైరు జాయింటు చూసొస్తా," అన్నాడు హర్ష.

"ఫ్యూజులు పీకు."

"ఫోను నీకేగా వచ్చేది," అని నవ్వుతూ వెళ్ళాడు.

నేను చేను చివర కలుపు తీస్తున్నాను. ఐదున్నర అవుతోంది. పొద్దు వాలి మంచు దిగుతోంది. పొద్దున కొట్టిన పురుగుమందు వాసన ఇంకా ఆకుల మీదే ఉంది. చుట్టుపక్కల పొలాల్లో మనుషులు వెళ్ళిపోయారు. రోజూ ఆ వేళకు గోల చేసే పిట్టలు కూడా ఎందుకో ఊరుకున్నాయి. కొంగున ఫోను మోగింది.

"అమ్మాయ్..."

ఒకటి నొక్కాను.

నొక్కాక గుర్తొచ్చింది.

మోటారు మోత కోసం చెవులు రిక్కించాను. ఒక్క క్షణం... ఇంకో క్షణం... మోత రాలేదు. ఫోను కట్ కాలేదు. అందులో ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.

"ఉన్నారుగా అమ్మాయ్," అన్నాడు గఫార్ మామ.

పరిగెత్తాను. సాళ్ళల్లో పడ్డాను. లేచి మళ్ళీ పరిగెత్తాను. బావి గట్టెక్కి వంగి చూస్తే కింద నలుపు తప్ప ఏమీ లేదు. లోపల్నుంచి గాలి పైకి కొడుతోంది. అందులో గఫార్ మామ కొట్లో కాలిన మోటార్లకొచ్చే వార్నిష్ వాసన.

"ఏమయ్యా!"

"ఏందే?" కిందనుంచి పలికాడు. హర్ష గొంతే. పోయిన ప్రాణం లేచొచ్చింది.

"కరెంటొచ్చింది. ఏదీ ముట్టుకోబాక. పైకి రా!"

"వస్తన్నా."

ఇనప మెట్ల మీద అడుగుల చప్పుడు. మెల్లగా. ఒక్కొక్క మెట్టూ తడుముకుంటూ ఎక్కుతున్నట్టు. పదేళ్ళుగా హర్ష దిగుతూ ఎక్కుతూ ఉన్న బావి అది. ఫోను మళ్ళీ చెవికి పెట్టుకున్నాను.

"ఇద్దరున్నారమ్మాయ్."

"మామా... నువ్వేనా?"

"ముందెక్కేది మావోడు." గొంతు బాగా తగ్గించాడు. "రానియ్యబాక..."

మెట్ల చప్పుడు ఆగింది.

"ఎవరితోనే మాట్టాడేది?"

చీకట్లోంచి మొహం పైకి లేచింది. హర్షే. గడ్డం కింద చిన్నప్పటి కుట్ల మచ్చ కూడా ఉంది. చెయ్యి పైకి చాపాడు.

"అందియ్యి."

అతని వెనక, బాగా కింద, నీళ్ళు ఒకసారి కదిలాయి.

నేను చెయ్యి అందించాను. కట్టుకున్నవాడి మొహం అంత దగ్గరగా కనపడుతుంటే ఏ ఆడది అందించదో చెప్పండి. ఆ చెయ్యి కాలిపోతోంది. జ్వరమేమో అనుకున్నాను. అలా అనుకోవాలనే అనుకున్నాను. గట్టెక్కాక అతను ఒక్కసారి కూడా బావి వంక చూడలేదు. నేను చూపిన దారిన ఇంటికొచ్చాడు, పెట్టింది తిన్నాడు, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

తెల్లారి తొమ్మిదింటికి ఫోను మోగింది. ఈసారి వేలు కదపకుండా చివరిదాకా విన్నాను.

"అమ్మాయ్, కరెంటొచ్చింది. మీవోడింకా కిందే ఉన్నాడు. నొక్కబాక."

ఇప్పటికి తొమ్మిది రోజులు. నేను నొక్కలేదు. మోటారు బాగుచెయ్యాలన్న వంకతో ఇద్దరు మనుషుల్ని బావిలోకి దింపాను. నీళ్ళు తప్ప ఏమీ లేదన్నారు. పూత రాలిపోయింది, మిరప నిలువునా ఎండుతోంది. ఊరంతా నన్ను తిడుతోంది కానీ మా ఆయన మాత్రం ఒక్క మాట అనడు. అంటే బాగుండు. హజ్రా బీ మొన్న గోడ మీదుగా ఆయన్ని చూసి, లోపలికెళ్ళి తలుపు గడియ పెట్టుకుంది. ఎన్నిసార్లు కొట్టినా తియ్యలేదు.

ఈ పొద్దున మళ్ళీ ఫోను. గఫార్ మామ కాదు.

"భావనా..."

హర్ష గొంతు. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి.

"భావనా... పైన ఎవరన్నా ఉన్నారా?"

నోరు తెరిచాను. మాట రాకముందే వంటింటి గుమ్మంలో అడుగుల చప్పుడైంది. మా ఆయన. అప్పుడే స్నానం చేసి తల తుడుచుకుంటున్నాడు. నా చేతిలోని ఫోను వంక కాదు, నా వంకే చూస్తున్నాడు.

"ఎవరూ లేరని చెప్పు," అన్నాడు, మెల్లగా.