సాంబమూర్తి గారి బల్ల

గడ్డిఅన్నారం వెనక సందుల్లో ఒక రెండంతస్తుల ఇల్లుంది. పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో హమాలీలు సైతం చీకటి పడ్డాక ఆ ఇంటి అరుగు మీద కూర్చునేవారు కాదట. మార్కెట్ వెళ్ళిపోయింది గానీ ఇంటికొచ్చిన చెడ్డపేరు మాత్రం ఎక్కడికీ పోలేదు.

కింది వాటాలో దిగినవాళ్ళెవరూ ఎక్కువ కాలం ఉండేవారు కాదు. ఎందుకని అడిగితే అందరిదీ ఒకటే మాట — పొద్దు గూకితే లోపల ఎవరో మాట్లాడతారు. ఒక్కరే మాట్లాడతారు... ఆగుతారు. ఎదుటి మనిషి జవాబు చెబుతున్నంతసేపు ఆగి, మళ్ళీ మాట్లాడతారు.

ఆ వాటాలో మహిపాల్ దిగాడు. మా ఊరి బడిలో నా దగ్గర చదువుకున్నవాడే. వాడు చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను.

వాడికి దిల్‌సుఖ్‌నగర్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పని. భార్య జ్యోతికకు ఏడో నెల. అంతకుముందున్న గది మూడో అంతస్తులో — కడుపుతో ఉన్న మనిషి నీళ్ళ డబ్బాతో ఎక్కి దిగలేకపోతోంది. వాళ్ళు కట్టగలిగిన కిరాయికి కింది వాటా ఇదొక్కటే దొరికింది. అందుకే దయ్యం మాట చెవిన పడ్డా పడనట్టే సామాను దించుకున్నాడు.

ఇంటావిడ నాగేశ్వరి గారు పై వాటాలో ఉంటారు. రాజమండ్రి వైపు మనిషి. భర్త సాంబమూర్తి గారికి రేడియోల పిచ్చి. ఆయన పోయి చాలా కాలమైనా, ఆయన పని చేసుకున్న టేకు బల్ల కింది గదిలోనే ఉంది. దాన్ని జరపొద్దని ఒక్కటే షరతు పెట్టారావిడ.

ఆ బల్ల మీదే మహిపాల్ ఆంప్లిఫయర్ కట్టాడు. కోఠి నుంచి బోర్డూ ట్రాన్స్‌ఫార్మరూ తెచ్చి, పాడైపోయిన డీవీడీ ప్లేయర్ డబ్బాలో బిగించాడు. స్విచ్ వేస్తే — గుయ్... పాట కన్నా మోతే ఎక్కువ. ట్రాన్స్‌ఫార్మర్‌ని పక్కకు తిప్పి చూశాడు. తీగలు కురచ చేశాడు. అతుకులన్నీ కాల్చి మళ్ళీ అతికాడు. మోత పోలేదు.

ఒక సాయంత్రం బల్ల పక్క గోడలో పాత సాకెట్ కనిపించింది, కరెంటుది కాదు. రేడియో పిచ్చి ఉన్న మనిషి, నేలలోకి దిగే ఎర్త్ తీగ ఇందులోకే తెచ్చి ఉంటాడు, అది తగిలితే మోత పోతుంది అనుకున్నాడు. ఫోనుకు తగిలించే ఇన్‌పుట్ తీగ పిన్నును అందులో పెట్టాడు. అక్కడే పొరపాటు చేశాడు.

మోత పోలేదు. మోత అడుగునుంచి — ఒక ఆడగొంతు. దుప్పటి ముసుగులోంచి వస్తున్నట్టు...

"అన్నం చల్లారిపోతోందండీ."

జ్యోతిక వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. ఆంప్లిఫయర్‌కి ఫోను తగిలించలేదు, రేడియో తగిలించలేదు.

"ఆ కుర్రాడు మీ బల్ల మీద ఏదో కాలుస్తున్నాడు. నాకు మనసొప్పడం లేదు. ఖాళీ చేయించెయ్యనా?"

తర్వాత ఏమీ లేదు... మోత తప్ప. చాలాసేపటికి —

"సరేనండీ. మీరెలా అంటే అలాగే."

ఆ తర్వాత పాలవాడి మీద చాడీలు మొదలయ్యాయి.

జ్యోతిక అరవలేదు. లోపలికి పోయి బట్టలు సంచిలో సర్దింది. పొద్దున్నే ఎల్‌బీ నగర్‌లో నల్లగొండ బస్సెక్కి పుట్టింటికి పోతానని చెప్పింది. "గా దయ్యమే ఖాళీ చెయ్యమన్నంక నేనెందుకుంట? నువ్వు, గామె కల్సి ఉండుండ్రి."

మహిపాల్‌ది రిపేరు చేసే బుర్ర. తీగ పీకాడు — గొంతు ఆగింది. పెట్టాడు — మళ్ళీ పాలవాడే.

"పిన్ను పీకితె ఆగే దయ్యముంటదా?" అన్నాడు మెల్లగా.

"మరి గామె ఎవరు?"

"మన దిక్కు మనిషైతె గాదు. మాట మాటకు అండీ అంటున్నది..."

ఆ మాటతో ఇద్దరూ ఒక్కసారే పైకప్పు వైపు చూశారు.

మహిపాల్ మెట్లెక్కాడు. తలుపు ఓరగా ఉంది. లోపల స్టూలు మీద ఒక చెక్క స్పీకరు పెట్టె, దాని ముందు కుర్చీలో నాగేశ్వరి గారు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. స్పీకరుకు కరెంటు పంపితే అది మాట్లాడుతుంది. అదే స్పీకరు ముందు మనం మాట్లాడితే, మైకు లాగే మన మాటను కరెంటు చేసి తీగలోకి పంపుతుంది. సాంబమూర్తి గారు కింద పని చేసుకుంటూ పైనున్న భార్యతో మాట్లాడటానికి ఆ పెట్టె నుంచి కింది సాకెట్‌కి తీగ వేసుకున్నారు. ఆయన పోయాక కూడా ఆవిడ సాయంత్రాలు ఆ పెట్టె ముందు కూర్చోవడం మానలేదు. పాత కిరాయిదార్లకు పైకప్పులోంచి వినిపించిందీ, వీళ్ళకు ఆంప్లిఫయర్‌లోంచి వినిపించిందీ ఆవిడ మాటలే.

మహిపాల్‌కి ప్రాణం కుదుటపడింది. ఉన్న విషయం చెప్పి, ఖాళీ చేస్తాం గానీ కాన్పు దాకా ఆగమని బతిమాలాడు.

"ఖాళీ ఎందుకు బాబూ? నేను అడిగాను. ఆయన ఉండనిమ్మన్నారు."

పెద్దామె, ఏదో అనుకుంటుందిలే అనుకుని తలూపాడు. మెట్లు దిగబోతుంటే ఆవిడ మళ్ళీ పిలిచారు.

"ఇంకో మాట. ఆ గుయ్‌మనడం ఆయనకి నచ్చట్లేదట. బల్ల వెనక కాలి దగ్గర, నేలలో రాగి మేకు ఉందట. నీ డబ్బాని దానికి కట్టమన్నారు. నాకవేం తెలీవు."

కిందికొచ్చి స్పీకరు సంగతంతా జ్యోతికకు చెప్పాడు. ఆమె కాసేపు తిట్టి, కాసేపు నవ్వి, సంచిలోంచి బట్టలు తీసేసింది. మేకు సంగతి మాత్రం మహిపాల్ చెప్పలేదు.

ఆమె వంటింట్లోకి పోయాక బల్ల కిందికి దూరాడు. వెనక కాలి దగ్గర సున్నం గట్టిపడి ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీకితే... రాగి మెరిసింది.

భర్త ఎప్పుడో కడుతుంటే ఆవిడ చూసే ఉంటారు, చూసిన సంగతి మరిచిపోయి ఉంటారు. నేనదే అన్నాను. మహిపాల్ కాదనలేదు.

డబ్బా నుంచి మేకుకు తీగ చుట్టి స్విచ్ వేశాడు. ఆంప్లిఫయర్ చప్పుడు చేయలేదు. పాట పెట్టాడు. పాట ఒక్కటే వచ్చింది.

"బాగైందా? ఎట్లైంది?" వంటింట్లోంచి జ్యోతిక అడిగింది.

"ఎర్త్ లేకుండె," అన్నాడు మహిపాల్. "తెలిసినాయన చెప్పిండు."