ఒక్కసారి ఈ రంగు చూడండి

"ఒక్కసారి ఈ రంగు చూడండి."

పొద్దుటి నుంచి అతను ఎన్నిసార్లు పిలిచాడో ఆమె లెక్కపెట్టడం మానేసింది. ఇద్దరూ ల్యాబులో ఒకేరోజు చేరారు. రక్తంలో యాసిడ్ కలిపి, గోధుమరంగుకి తిరిగాక, పోల్చుకోవడానికి పక్కనుంచిన స్టాండర్డ్ గొట్టం రంగుతో కలిసేదాకా నీళ్లు పోయాలి. కలిసినచోట గీత చూస్తే హిమోగ్లోబిన్ ఎంతో తెలుస్తుంది. ఆ కాస్త పనికి ప్రతి గొట్టమూ పట్టుకుని ఆమెను కిటికీ దగ్గరికి పిలుస్తాడు.

"మీ కళ్లకేమొచ్చింది?"

"మీ కళ్లు బాగుంటాయి కదా."

ఆమె చెవులు వేడెక్కాయి. ల్యాబు పెద్ద ఆమెకు స్వయానా బాబాయి. మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే దగ్గాడు. సాయంత్రం ఇంటికెళ్లి పిన్ని చెవిన వేశాడు కూడా.

పాత స్టాండర్డ్ రంగు వెలిసిపోయిందని ఒక వానరోజు బాబాయి కొత్తది కలపమన్నాడు.

"అబ్బాయ్, నువ్వు చెయ్యి. మధ్యాహ్నానికి కావాలి."

గులాబి, పసుపు, ఆకుపచ్చ మందునీళ్లు మూడూ గోధుమరంగు తిరిగేదాకా కలపాలి. అతను కలిపి తెచ్చాడు. ఆమె కిసుక్కుమంది.

"ఏంటండీ ఇది, పాచినీళ్లలా పచ్చగా! ఎగతాళా?"

అతని ముఖం పాలిపోయింది.

"పచ్చగా ఉందా? నాకు పాత గొట్టం, ఇదీ ఒక్కలాగే ఉన్నాయి." గొంతు తగ్గించాడు. "ఎరుపూ ఆకుపచ్చా నాకు విడిగా తెలియవు. చెబితే ఉద్యోగం ఉండదు. అందుకే మీరు చూడకుండా ఒక్క రిపోర్టూ పంపలేదు."

"అయితే ఇన్నాళ్లూ పిలిచింది రంగు కోసమేనా?"

"అవును." అబద్ధమాడటం కూడా చేతకాలేదు మనిషికి.

ఇంట్లో అద్దం ముందు తను గడిపిన పొద్దులన్నీ ఆమెకు గుర్తొచ్చి ఒళ్లు మండింది. "బాబాయికి మీరే చెప్పండి. లేదా నేను చెబుతాను."

అతనే చెప్పాడు. ఉద్యోగం ఊడిందనే అనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"చేరిన రోజే చెప్పి ఏడవచ్చుగా. నువ్వు సూది వేస్తే చంటిపిల్లలు కూడా కిక్కురుమనరు. ఇకనుంచి రక్తం తియ్యి. రంగుల సంగతి అమ్మాయి చూసుకుంటుంది."

స్టాండర్డ్ ఆమె కలిపింది. అచ్చమైన గోధుమరంగు. ఆ తర్వాత అతను పిలవలేదు. పిలవాల్సిన పని లేదు మరి. కిటికీ దగ్గర ఒక్కతే గొట్టాలు ఎత్తి చూస్తుంటే, వారం తిరక్కుండానే ఆమెకు ఆ పని చప్పగా తోచింది.

మళ్లీ వాన పట్టిన మధ్యాహ్నం వెనక నుంచి వినిపించింది.

"ఒక్కసారి ఈ రంగు చూడండి."

ఆమె గొట్టం అందుకుని వెలుతురులోకి ఎత్తింది. "ఇందులో ఏమీ లేదుగా."

"లేదు."

"మరెందుకు పిలిచారు?"

"పిలవకుండా ఉండలేక. ఈసారి రంగు కోసం కాదు."

ఆమె ఖాళీ గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "సరిగా కనిపించడం లేదు. రేపు కూడా పిలవండి."

మైక్రోస్కోపు దగ్గర దగ్గు వినిపించింది.

"రేపటిదాకా ఎందుకమ్మా? ఇప్పుడే మీ నాన్నకు ఫోన్ చేస్తాలే."