మామా అల్లుళ్ళ విమానం

"ఆయన పక్కన నాకు కంచం పెట్టకమ్మా! నేను గదిలో తింటాను!"

ఆ మాట అనేసి కూతురు కంచం అందుకుని విసురుగా లోపలికి వెళ్ళిపోయింది. వడ్డిస్తున్న తల్లి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. నాన్న కాస్తా ఎప్పుడు "ఆయన" అయిపోయాడు! చిన్నప్పుడు తండ్రి కంచంలో చెయ్యి పెట్టందే ముద్ద దిగని పిల్ల... మొదట పలికింది "అమ్మ" కూడా కాదు, "నాన్న"! ఆమె భర్తవైపు చూసింది. ఆయన తల ఎత్తలేదు. నోటిదాకా తెచ్చిన ముద్దను కంచంలో వదిలేసి, చెయ్యి కడుక్కుని, పెరటి మెట్టు మీద కూర్చున్నాడు.

జరిగింది చిన్న విషయమేమీ కాదు. ఊరి చివర మైదానంలో ఆయన చిన్న విమానాలు బాగుచేసే మెకానిక్. శబ్దం విని ఇంజను జబ్బేమిటో చెప్పేస్తాడని అందరూ "డాక్టరుగారూ" అని పిలిచేవారు. అల్లుడు అక్కడే విమానం నడపడం నేర్పే పైలట్. "కుర్రాడు నెమ్మదస్తుడు, నేల మీద ఎంత జాగ్రత్తో గాలిలోనూ అంతే" అని ముచ్చటపడి సంబంధం కుదిర్చింది కూడా ఈయనే. అలాంటిది... మామగారు ఇంజనుకి పెట్రోలు అందించే కార్బురేటర్ విప్పి, శుభ్రం చేసి, బిగించిన విమానాన్నే అల్లుడు ఒక్కడూ నడుపుకుంటూ వెళ్ళాడు. తిరిగివచ్చే దారిలో ఇంజను దగ్గి, దగ్గి, ఠక్కున ఆగిపోయింది! కోత కోసేసిన పొలం ఒకటి కిందే కనబడబట్టి సరిపోయింది. ఎలాగో దింపేశాడు. గట్టు తగిలి విమానం చక్రమూ విరిగింది, అతని కాలూ విరిగింది. ప్రాణం దక్కింది, అదే పదివేలు!

"నువ్వు విప్పి బిగించిన ఇంజనే కదా ఆగింది! నా మొగుణ్ణి నీ చేతుల్లో పెడితే చూసుకునేది ఇలాగేనా నాన్నా?" అని ఆసుపత్రి వరండాలో, నలుగురి ముందూ అడిగేసింది కూతురు. అదే ఆఖరు. మళ్ళీ తండ్రితో మాటల్లేవు. కూతురి కాపురం ఉన్న మూడో అంతస్తుకి అల్లుడు కట్టుకాలితో ఎక్కలేడని తల్లి పట్టుబట్టి ఇద్దర్నీ తమ ఇంటికే తెచ్చుకుంది. అప్పట్నుంచీ ఒకే కప్పు కింద ఉంటూ, "అమ్మా, ఆయన్ని ఫ్యాను తగ్గించమను" అని ఒకరూ, "దానికి పాలు చల్లారిపోతున్నాయని చెప్పు" అని మరొకరూ... మధ్యలో ఈమె రాయబారం!

మరి దెబ్బ తిన్నవాడికి కోపముందా అంటే, మచ్చుకైనా లేదు. భార్య స్నానాల గదిలో దూరి నీళ్ళ చప్పుడు వినబడిందంటే చాలు, "మామయ్యా, రండి రండి!" అని గుసగుసగా పిలిచేవాడు. ఆయన పిల్లిలా లోపలికి వెళ్ళేవాడు. ఒకసారి కట్టు లోపల దురద పెడుతోందని అల్లుడు అల్లాడిపోతుంటే, సన్నటి తీగ కొస వంచి, నున్నగా అరగదీసి తెచ్చిచ్చాడు. "అబ్బ... హాయి మామయ్యా! డాక్టరుకి చెప్పకండి!" అంటూ అల్లుడు గోక్కుంటుంటే తలుపు దగ్గర కాపలా నిలబడ్డ ఈమెకి నవ్వాగలేదు. ఇంతలో నీళ్ళ చప్పుడు ఆగింది. మామగారు మంచం కింద పడ్డ చెప్పు వెతుక్కుంటూ, దొరక్క, ఒంటి చెప్పుతోనే పరుగు!

అయినా ఆ నవ్వు ఎంతసేపు? ఒక మధ్యాహ్నం ఉతికిన బట్టలు మడతపెడుతూ, ఉండబట్టలేక అడిగేసింది. "ఏవండీ... నిజంగా అన్నీ సరిగ్గానే బిగించారా?"

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. "బిగించాననే అనుకుంటున్నానే. కానీ ఇప్పుడు... ఈ చేతుల మీద నాకే నమ్మకం పోయింది. ఇక ఆ షెడ్డు ముఖం చూడను."

పనిముట్ల పెట్టె అటక ఎక్కించేశాడు. ఆమెకి గుండె కలుక్కుమంది! అనుమానం కూతురు పైకి అంది, తను ఇన్నాళ్ళూ లోపల దాచుకుంది... తేడా ఏముంది? నా నోరు పడిపోనూ, ఎందుకడిగానా అని మడతపెడుతున్న చీర అంచుతోనే కళ్ళు తుడుచుకుంది.

ప్రమాదం ఎలా జరిగిందో తేల్చడానికి ఒక అధికారిణి వచ్చింది. విమానాన్ని షెడ్డులో పెట్టించి ముక్కముక్కా విప్పించింది. చివరికి ఒకరోజు అల్లుడితో మాట్లాడాలని ఇంటికే వచ్చింది. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న మనిషి. మామగారు లేచి బయటికి వెళ్ళబోతుంటే ఆపింది.

"కూర్చోండి. మీ కార్బురేటర్లో వంక పెట్టడానికేమీ లేదు."

కూతురు మంచం కమ్మీ గట్టిగా పట్టుకుంది.

"పెట్రోలు ట్యాంకుకి గాలి వెళ్ళే సన్న గొట్టం ఒకటి రెక్క కింద ఉంటుంది," అంది అధికారిణి. "ఆ గొట్టం లోపల కందిరీగ మట్టితో గూడు కట్టింది. గాలి వెళ్ళే దారి మూసుకుపోయింది."

"నూనె డబ్బాకి ఒక్క చిల్లే పెడితే ధార రానట్టా?" అనేసింది తల్లి, తనకి తెలియకుండానే.

"అచ్చం అంతే అమ్మా! ఇంజనుకి పెట్రోలు అందలేదు."

అల్లుడి ముఖం పాలిపోయింది. "బయలుదేరే ముందు ఆ గొట్టం చూసుకోవలసింది నేను మేడమ్. రోజూ వంగి చూస్తాను. ఆ రోజు చేత్తో తడిమి, బాగానే ఉందిలే అనుకున్నాను. తప్పు నాది."

"నీదేమిటయ్యా!" మామగారు గభాలున లేచాడు. "షెడ్డుకి రంగులేస్తున్నారని విమానాన్ని బయట నిలబెట్టింది నేను. గొట్టానికి గుడ్డ చుట్టాలన్న ఆలోచన నాకుండాలి! తప్పు నాది."

"కాదు మామయ్యా, నాది!"

"నాదంటుంటే!"

అధికారిణి నవ్వింది. "ఇద్దరూ పంచుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నేను వచ్చింది ఎవరినో పట్టుకోడానికి కాదు, ఇంకో విమానం ఇలా పడకుండా చూడ్డానికి. ఇకమీదట ఆ గొట్టాలన్నిటికీ జల్లెడ బిగించమని చెబుతాను."

ఆవిడ వెళ్ళిపోయాక కూతురు తండ్రి ముందు నేల మీద కూలబడిపోయింది. "నాన్నా..." అంది. ఇన్నాళ్ళకి ఆ పిలుపు! "ఆసుపత్రిలో ఈయన్ని చూసేసరికి ఒళ్ళు తెలియలేదు నాన్నా... ఎవరినో ఒకరిని అనకపోతే పిచ్చెక్కేలా ఉంది. నేనేమన్నా నన్ను వదిలెయ్యవన్న ధైర్యంతో నిన్నే అన్నాను... నన్ను కొట్టు నాన్నా!"

"పిచ్చిపిల్లా! వాడి మీద నీకంత ప్రేముందని నాకు సంతోషమే కదే!" అని ఆయన ఆమె తల నిమిరాడు. ఆయన కళ్ళూ నిండిపోయాయి.

తల్లి భర్త దగ్గరికి వచ్చి, కూతురు వింటుండగానే, "నేనూ అడిగానండీ... అడగకుండా ఉండవలసింది," అంది. ఆయన ఆమెవైపు చూసి, "నువ్వు కనీసం గొంతు తగ్గించి అడిగావు," అన్నాడు. ఏడుపులోనే అందరికీ నవ్వొచ్చింది!

కట్టు విప్పి, కాలు గట్టిపడేనాటికి విమానమూ సిద్ధమైంది. అటకెక్కిన పనిముట్ల పెట్టె దింపి, ఈసారి దాన్ని మొదటి మర నుంచి చివరి బోల్టుదాకా బాగుచేసింది మామగారే. మొదటిసారి ఎగరేసే రోజు ఆయన పైలట్ పక్క సీట్లో ఎక్కి బెల్టు పెట్టుకున్నాడు.

"నువ్వెందుకు నాన్నా?" కూతురు విమానం తలుపు పట్టుకుంది.

"నేను బిగించింది నేను ఎక్కకపోతే ఎలాగే?"

విమానం పరుగెత్తి నేల విడిచింది. చిన్నదై, ఇంకా చిన్నదై, మబ్బు పక్కన చుక్కలా మిగిలింది. కూతురు తల్లి చేతిని నొక్కిన నొక్కుకి గాజులు చర్మంలో దిగబడ్డాయి. తమకున్న ఇద్దరు మగవాళ్ళూ అందులోనే! తల్లి మాత్రం ఆ శబ్దం వింటోంది. ఎక్కడా దగ్గు లేదు, తడబాటు లేదు... నిద్రపోతున్న పిల్ల ఊపిరిలా ఒకే తీరుగా ఉంది. ఆమె మనసు చల్లబడింది. చెయ్యి నొప్పి పెడుతున్నా విడిపించుకోలేదు.

చక్రాలు నేలను తాకి, ఇంజను ఆగీ ఆగకముందే కూతురు పరుగందుకుంది. తలుపు తీసుకుని దిగుతున్న తండ్రి మెడ చుట్టేసింది.

అవతలి వైపు నుంచి అల్లుడు మెల్లగా దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"చూశారా అత్తయ్యా అన్యాయం! నడిపింది నేను!"

"మీ వంతు వస్తుంది, ఆగండి అల్లుడుగారూ," అని తల్లి నవ్వుతూ మంచినీళ్ళ సీసా మూత తీసి ముందు అతనికే అందించింది.