ఖాళీ తొట్టి బరువు

బండి ఖాళీగా ఉన్నప్పుడే ఎక్కువ జారుతుందని మా అల్లుడు చెప్పేదాకా నాకు తెలియదు. బరువెక్కితేనే బండికి కష్టమనుకునేదాన్ని. అతను వడ్రంగి. మంచాలు, బీరువాలు చేసి, తన పికప్ బండిలో తనే వేసుకెళ్లి ఇచ్చి వస్తాడు. ఇంజను బరువంతా ముందుంటుంది, బండిని తోసేవి మాత్రం వెనక చక్రాలు. వెనక సామాను వేసే తొట్టి ఖాళీ అయితే వాటిని నేలకి అదిమిపెట్టేది ఏమీ ఉండదు. మీ అరచేతిని బల్ల మీద ఊరికే ఆనించి ముందుకు జరపండి, జారిపోతుంది. గట్టిగా నొక్కి జరపండి, పట్టుకుంటుంది. చక్రమూ అంతే. బడిలో అన్నేళ్లు పాఠాలు చెప్పాను గానీ ఈ పాఠం మాత్రం కొండదారి మీద నేర్చుకున్నాను.

అందుకే వానలు మొదలైతే అతను ఇసుక బస్తాలు వేసుకుంటాడు. తొట్టి చివర కాదు, సరిగ్గా వెనక ఇరుసు మీదికి వచ్చేలా సర్ది, కదలకుండా తాళ్లతో కడతాడు. ఆ రోజు బీరువాలకి చోటు చాలక బస్తాలు దించి షెడ్డులో పడేశాడు. నేనూ, మనవరాలు చిట్టీ షికారుకని ఎక్కాం. పిల్లకి జలుబు, ఇప్పుడెందుకని మా అమ్మాయి గొణుగుతూనే ఉంది. ఎలా తీసుకెళ్తున్నానో అలాగే తెచ్చి నీ చేతికి అప్పగిస్తానని మాటిచ్చి మరీ బయల్దేరాను.

బీరువాలు దించి తిరుగుదారి పట్టేసరికి వాన వెలిసి, కొండ మీదికి మబ్బు దిగింది. ఇంకా దీపాలు పెట్టే వేళ కాలేదు గానీ ముందు అద్దం మీద పాలు పోసినట్టుంది. ఒక పక్క కొండరాయి. ఇంకో పక్క అక్కడక్కడా విరిగిన పిట్టగోడ, దాని అవతల లోయ. పెద్ద మలుపులో ఎక్కుతుండగా వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. కాలిన రబ్బరు వాసన. బండి మెల్లగా... వెనక్కి... గోడ విరిగిన వైపుకి జారింది.

అల్లుడు చేతిబ్రేకు లాగి, దిగి, చక్రాల వెనక రాళ్లు పెట్టాడు. వెనక టైర్లలో కొంచెం గాలి తీశాడు. టైరు కాస్త పరుచుకుంటే నేలని ఎక్కువ పట్టుకుంటుందట. విసురుగా తిప్పితే చక్రం బురదని ఇంకా నున్నగా చేస్తుంది కాబట్టి, మళ్లీ ఎక్కి, రెండో గేరు వేసి, యాక్సిలరేటరు మీద కాలు ఆనీ ఆననట్టు పెట్టి చూశాడు. అయినా జారింది. ఒక రాయి దొర్లుకుంటూ లోయలోకి పోయింది. కింద పడ్డ చప్పుడు వినపడుతుందేమోనని చెవులు రిక్కించాను. వినపడలేదు.

పోనీ నేను వెనకెక్కి కూర్చుంటానన్నాను. నా బరువుకి టైర్లు నవ్వుతాయన్నాడు. అతను మాత్రం నవ్వలేదు. పిల్లని తీసుకుని దిగి నడుస్తానంటే, మలుపు తిరిగి వచ్చే లారీకి ఈ మబ్బులో మేం కనపడమన్నాడు.

అప్పుడు పిట్టగోడ మీద మనుషులు కనిపించారు. పని దిగి ఇంటికి పోయే కూలీల్లా, నల్లగా, వరసగా కూర్చుని ఉన్నారు. అంతసేపూ మా కళ్లకి ఎలా ఆనలేదో తెలియదు. అల్లుడి ముఖం విప్పారింది. కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"అన్నా, బరువు లేక బండి జారుతోంది. కాస్త వెనక ఎక్కి కూర్చోండి. పైదాకా వస్తే చాలు."

బండి వెనక భాగం కొంచెం కిందికి దిగింది. మళ్లీ దిగింది. మళ్లీ... చక్రాల మీద బరువు మోసే కమాన్ పట్టీలు కిర్రుమన్నాయి. రేకు మీద అడుగుల చప్పుడు మాత్రం లేదు.

గేరు వేశాడు. చక్రాలు నేలని కరుచుకున్నాయి. అంత బురదలోనూ బండి, కాడికి కట్టిన ఎద్దులా నింపాదిగా ఎక్కసాగింది. చూశారా, ఇందుకే బస్తాలు వేసేదని అల్లుడు నాకు మళ్లీ మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. నాకూ ఊపిరాడింది.

చిట్టి మా ఇద్దరి మధ్య, సీటు మీద మోకాళ్లేసుకుని, వెనక అద్దంలోంచి చూస్తోంది.

"అమ్మమ్మా, వాళ్లందరూ అటు తిరిగి కూర్చున్నారెందుకు?"

ముఖానికి చలిగాలి కొడుతుంది కదా తల్లీ, అన్నాను. మళ్లీ అద్దంలోకి చూసింది. తర్వాత గొంతు బాగా తగ్గించి అంది.

"ఒకళ్లు ఇటు తిరిగారు."

నేనూ తిరిగి చూశాను. తడి రేకు. బీరువాలు కట్టిన తాడు. ఇంకేమీ లేదు... తొట్టి ఖాళీ. కానీ ఇంజను పెద్ద బరువు లాగుతున్నట్టు మూలుగుతోంది. అల్లుడు పక్క అద్దంలోకి చూశాడు. చెప్తున్న మాట సగంలో ఆగిపోయింది.

"బాబూ... దించెయ్ వాళ్లని," అన్నాను, నా చెవికే వినపడనంత మెల్లగా.

"ఇక్కడ దించితే లోయలోకి పోతాం అత్తయ్యా." అతని పెదవులు మాత్రమే కదిలాయి. "పైదాకా పోనివ్వండి."

ఇంకో దారి లేదు. వాళ్లని మోసుకుంటూనే ఎక్కాం. కిటికీలు బిగించే ఉన్నాయి, అయినా ఎన్నాళ్లనుంచో ఆరని గుడ్డల వాసన లోపలికి వచ్చింది. వెనక అద్దం మసకేసింది... బయటి వైపు నుంచి. చిట్టి దానికి చెవి ఆనించింది. గబుక్కున లాగి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను.

"చలిగా ఉందట అమ్మమ్మా. లోపలికి రావచ్చా అని అడుగుతున్నారు."

"మాట్లాడకు."

"రమ్మన్నాను." నా ముఖంలోకి చూసి, తప్పేమిటన్నట్టు అంది. "సాయం చేసినవాళ్లని ఊరికే పంపకూడదని నువ్వే కదా చెప్పావు."

దాని నోరు మూశాను. నా అరచేయి దాని ఊపిరికి చల్లబడింది.

కొండ పైన చదునుగా ఉన్నచోట అల్లుడు బండి ఆపాడు. దిగలేదు. వెనక్కి చూడలేదు. ఇక చాలు, దిగండి, దండం పెడతాను అని బతిమాలాడు. బండి వెనక భాగం పైకి లేవలేదు. ఇంకోసారి బతిమాలి, ఏడుపు దిగమింగుకుంటూ కిందికి పోనిచ్చాడు. అన్ని మలుపుల్లో ఒక్కచోటా చక్రం జారలేదు. అంత భయంలోనూ ఆ సంగతి నాకు తెలుస్తూనే ఉంది.

ఇంటి ముందు ఆగేసరికి మా అమ్మాయి తువ్వాలు పట్టుకుని గడపలో నిలబడి ఉంది. వెనక అంత కుంగిపోయింది, ఏం వేసుకొచ్చారని అడిగింది. అల్లుడు దిగి, చుట్టూ తిరిగి వచ్చి, నా వైపు తలుపు తీశాడు. నా తొడలు తిమ్మిరెక్కి స్పర్శ లేకుండా పోయాయి. చిట్టి నా ఒళ్లోంచి జారి, తనంతట తనే నేల మీద కాలు పెట్టింది.

బండి వెనక భాగం ఒక్కసారిగా పైకి లేచింది.

అల్లుడు రెండు చేతులూ జోడించి, వెళ్లిపోయారు అత్తయ్యా, వెళ్లిపోయారు అని వెక్కివెక్కి ఏడ్చాడు. ఎవరని మా అమ్మాయి అడుగుతోంది. చిట్టి ఎవరివైపూ చూడకుండా వాకిలి దాటి తల్లి దగ్గరికి నడిచి, చలేస్తోందంది. తల్లి తువ్వాలు కప్పి లోపలికి తీసుకెళ్లింది. మాట నిలబెట్టుకున్నాననే అనుకున్నాను.

మెల్లగా దిగాను. గుమ్మం దీపం వెలుగు తడి నేల మీద పడుతోంది. అల్లుడి చెప్పుల అచ్చులు పైపైన, గీతలు గీసినట్టు ఉన్నాయి. వాటి పక్కనుంచి గడప దాకా చిట్టి అడుగులు. చిన్న చిన్నవి. ఒక్కొక్కటీ చీలమండ లోతున దిగి... అడుగున నీళ్లు ఊరుతూ.